32 ఆంప్స్ ఎంసీబీ ఆరలేదు: సోలార్ డీసీ ఐసొలేటర్‌తో నాలుగేళ్ళు

మా తోట కదిరి దగ్గర. షెడ్డు మీద 335 వాట్ల ప్యానెళ్ళు మూడు సిరీస్‌లో ఉన్నాయి, కింద ఎంపీపీటీ కంట్రోలరు (ప్యానెళ్ళ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చేది), 24 వోల్టుల బ్యాటరీలు. ఎండ బాగా కాసేటప్పుడు ప్యానెళ్ళ వైర్లలో వంద వోల్టులు దాటి ఉంటుంది, ఎనిమిది తొమ్మిది ఆంప్స్ పారుతుంటాయి. మధ్యలో ఆఫ్ చేసుకోడానికి, బిగించడానికొచ్చిన అబ్బాయి ఇళ్ళల్లో మీటరు పక్కన పెట్టే మామూలు 32 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఒకటి పెట్టాడు. ఇది సరిపోతుందా అంటే "ఏం కాదులేన్నా, నీ ప్యానెళ్ళు తొమ్మిది గూడా దాటవు, ఇది ముప్పైరెండుది" అన్నాడు. నాకూ లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

ఏప్రిల్లో ఒకరోజు మధ్యాహ్నం కంట్రోలరు దుమ్ము దులుపుదామని దాన్ని ఆఫ్ చేశాను. లివరు కిందికి పడింది కానీ కంట్రోలరు లైటు ఆరలేదు. ఎంసీబీ లోపల తుమ్మెద దూరినట్టు ఒకటే రొద, రెండు మూడు సెకన్లకి ప్లాస్టిక్ కాలిన వాసన. ప్యానెల్ కనెక్టరు లాగేద్దామని చెయ్యి దాకా పోయింది కానీ లాగలేదు, లాగి ఉంటే ఆ నిప్పు నా చేతిలోనే లేచేది (ఆ ఎంసీ4 రకం కనెక్టర్లని కరెంటు పారుతుండగా ఊడదీయకూడదని తర్వాత తెలిసింది). నిచ్చెనెక్కి శెనక్కాయల మీద కప్పే టార్పాలిన్ తెచ్చి ప్యానెళ్ళ మీద పరిస్తే అప్పుడు ఆగింది.

విషయం చాలా చిన్నది. ఇంటి కరెంటు, అంటే ఏసీ, సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి పోతుంది, అందుకే స్విచ్ విడిపోగానే లేచిన నిప్పురవ్వ దానంతట అదే చచ్చిపోతుంది. ప్యానెళ్ళు, బ్యాటరీలు ఇచ్చే డీసీలో ఆ సున్నా రాదు. కాంటాక్టులు కొద్దిగా విడిపోయినా మధ్యలో గాలి గుండా మంట అలాగే సాగుతుంది, దాన్ని దూరంగా లాగి, ముక్కలు చేసి, చల్లార్చే ఏర్పాటు స్విచ్చులోనే ఉండాలి. కాబట్టి ఆంప్స్ అంకె చూసి మురిసిపోతే లాభం లేదు, ఎన్ని వోల్టుల డీసీ దగ్గర ఆ ఆంప్స్ అని చూడాలి. చిన్న రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్చుల) మీద 10 ఆంప్స్ 250 వోల్ట్స్ ఏసీ అనీ, పక్కనే 10 ఆంప్స్ 30 వోల్ట్స్ డీసీ అనీ ఉంటుంది చూడండి, వస్తువు అదే, తేడా అంత. డీసీ అంకె అసలు వేయకపోతే దాన్ని డీసీకి పనికిరానిదనే అనుకోండి.

ఆ తర్వాత రెండు కొన్నాను. ఒకటి రెండు పోల్స్ (ప్లస్, మైనస్ రెండు వైర్లనీ తెంచే) 16 ఆంప్స్ 500 వోల్టుల డీసీ ఎంసీబీ, రెండోది తిప్పే పిడి ఉన్న డీసీ ఐసొలేటర్ (చేత్తో కరెంటు తెంచే స్విచ్), 32 ఆంప్స్ 1000 వోల్టులది, మామూలు వాటికన్నా రెండు మూడు రెట్లు ధర. షాపతను "ఏసీదీ డీసీదీ రెండూ ఒకటే సార్, పేరు మార్చి అమ్ముతారు" అన్నాడు. ఒకటి కాదు. ఏసీకి అల గుర్తు ఉంటుంది, డీసీకి అడ్డగీత, దాని కింద ముక్కల గీత. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసుకుని చూడాల్సిందే.

నిజం చెప్పాలంటే ఎంసీబీకి పెట్టిన డబ్బులు దండగ. ఒకే వరస ప్యానెళ్ళు షార్టయినా తొమ్మిది ఆంప్స్ దగ్గరే ఉంటాయి కాబట్టి 16 ఆంప్స్‌ది ఎప్పటికీ పడదు, నాలుగేళ్ళలో ఒక్కసారీ పడలేదు. పైగా అది ప్లస్ మైనస్ గుర్తులున్న రకం. లోపల అయస్కాంతం మంటని ఒక పక్కకే తోస్తుంది, వైర్లు తిరగేసి ఇస్తే తప్పు పక్కకి తోసి అదే కాలుతుంది. మొదటిసారి తిరగేసే ఇచ్చారు, గుర్తులు చూసి నేనే మార్చుకున్నాను. బ్యాటరీ వైపైతే ఛార్జింగ్ ఒక దిక్కు, వాడకం ఇంకో దిక్కు కదా, అక్కడ ఈ రకం అస్సలు వద్దు. నాకు అక్కడ బ్యాటరీకి జానెడు దూరంలో డీసీ ఫ్యూజు ఉంది, బ్యాటరీ షార్టయితే వచ్చే కరెంటు ముందు ప్యానెళ్ళది ఏ మూలకీ రాదు.

ఐసొలేటర్ మాత్రం నాకు బాగా నచ్చింది. ప్యానెళ్ళు కడగడానికి నెలకోసారి ఆఫ్ చేస్తాను, మనం పిడి ఎంత మెల్లగా తిప్పినా లోపలి స్ప్రింగు ఠక్కున విడదీస్తుంది. దాని మీద ఐఈసీ 60947-3 (స్విచ్చుల ప్రమాణం), డీసీ-పీవీ2 (అందులో సోలార్ డీసీ తరగతి) అని ఉంది, కొనేటప్పుడు నేను వెతికింది అదే. ఎండకి డబ్బా పసుపు తిరిగింది, పిడి మొదటికన్నా బిగుసుగా ఉంది. రెండో ఏడు వైరు దూరే కన్నంలోంచి చీమలు పోయి గూడు పెట్టాయి, అక్కడి గ్లాండు (వైరు చుట్టూ బిగిసే మూత) బిగించాక మళ్ళీ రాలేదు. వేసవికి ముందోసారి స్క్రూలు బిగిస్తాను, అవి వదులైనా వేడే.

మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయరుదీ ఇదే కథ. 12 వోల్టులే కాబట్టి మంట సాగదు, కానీ మోటారులో ఉండేది తీగ చుట్ట కదా, కరెంటుని ఒక్కసారిగా ఆగనివ్వదు, ఆఫ్ చేసినప్పుడల్లా రవ్వ లేచి కాంటాక్టు నల్లబడుతుంది. దాంతో వచ్చిన స్విచ్ మీద 6 ఆంప్స్ 250 వోల్ట్స్ ఏసీ అని తప్ప ఇంకేం లేదు, ఒక్క పంటకే పోయింది. ఆటోమొబైల్ షాపులో 12 వోల్ట్స్ డీసీ 20 ఆంప్స్ అని ఉన్నది తెచ్చి వేశాను, మోటారుకి అడ్డంగా ఒక డయోడు (కరెంటుని ఒక దిక్కుకే పోనిచ్చేది) కూడా పెట్టాను, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఇది మూడో పంట, రబ్బరు టోపీ చిరిగింది కానీ స్విచ్ పనిచేస్తూనే ఉంది.