తుంటి విరిగిన అమ్మకు నరాల బ్లాక్: సూదికి పూర్తి మార్కులు, ఇచ్చిన వేళకు కాదు

ఇది ఒక ఆసుపత్రి మీద సమీక్ష కాదు, ఆసుపత్రిలో మా అమ్మకు అందిన ఒక్క సేవ మీద సమీక్ష. తుంటి ఎముక విరిగిన వృద్ధులకు గజ్జల దగ్గర సూదితో మత్తుమందు ఇచ్చి, ఆ కాలి నొప్పి మెదడుదాకా పోకుండా ఆపే చికిత్సను నరాల బ్లాక్ అంటారు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 83 ఏళ్ల అమ్మకు దీన్ని ఇచ్చారు. ఇచ్చిన తీరులో వంక పెట్టడానికి ఏమీ లేదు. నా ఫిర్యాదంతా ఇచ్చిన వేళ మీదే కాబట్టి, ఆసుపత్రి పేరు రాయకుండా జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

తెనాలిలో మా ఇంట్లో తెల్లవారుజామున ఐదింటికి స్నానాల గది గడప దగ్గర కాలు జారి, అమ్మ ఎడమ పక్కకు పడింది. లేపబోతే లేవలేదు. ఎడమ కాలు పొట్టిగా కనిపిస్తూ, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎనిమిదిన్నరకల్లా విజయవాడలో క్యాజువాలిటీకి చేర్చాం. అక్కడ సెలైన్‌తో పాటు పారాసిటమాల్, ఆ తర్వాత ట్రామడాల్ సూదిమందు ఇచ్చారు. కదలకుండా పడుకున్నంతసేపు ఓర్చుకుంది కానీ, ఎక్స్‌రే బల్ల మీదికి మార్చి కాలు సర్దినప్పుడు పెట్టిన కేక లాంటిది నాకు బుద్ధి తెలిశాక అమ్మ నోట ఎన్నడూ వినలేదు. తుంటి విరిగినవారిని దగ్గరుండి చూసుకున్న ఎవరికైనా ఇది తెలుసు: నొప్పంతా కదలికలోనే ఉంటుంది. ట్రామడాల్ వంటి మందులు మనిషిని మగతలో ఉంచుతాయి గాని, కదిలించినప్పటి నొప్పిని అంతగా ఆపలేవు. పైగా ఈ వయసువారికి వాటివల్ల వాంతులు, మలబద్ధకం, మతి తడబాటు వస్తాయి. అమ్మకు గంటలోపే వాంతులు మొదలయ్యాయి. డైక్లోఫెనాక్ జాతి నొప్పి మందులు వృద్ధుల మూత్రపిండాలకు, కడుపుకు చేటు చేస్తాయి కనుక వాటి జోలికి పోలేదు, అది సరైన పనే.

తొడ ఎముక మెడ భాగం విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామని బంధువుల్లో ఒకరన్నారు గాని, ఇది కట్టుతో కుదిరే చోటు కాదనీ, అక్కడ విరిగితే ఎముక తలకు రక్తం అందడమే దెబ్బతింటుందనీ ఆర్థో డాక్టరు గారు ఓపికగా చెప్పారు. మరునాడు ఆపరేషన్ అన్నారు. కాలికి పట్టీ చుట్టి బరువు వేలాడదీశారు. బెడ్‌పాన్ పెట్టిన ప్రతిసారీ, దుప్పటి మార్చిన ప్రతిసారీ ఎక్స్‌రే గదిలోని కేకే మళ్లీ వినిపించింది. మళ్లీ బెడ్‌పాన్ పెడతారనే భయంతో సాయంత్రానికి అమ్మ మంచినీళ్లు తాగడం కూడా మానేసింది. రాత్రి పదకొండు దాటాక నన్ను గుర్తుపట్టలేదు. ఎప్పుడో పోయిన మా మేనమామను పిలుస్తూ, చేతికున్న సెలైన్ సూది పీకేయబోయింది.

ఇంగ్లాండులో నర్సుగా పనిచేస్తున్న మా పిన్ని కూతురు ఆ రాత్రి ఫోను చేసి, "అక్కా, పెద్దమ్మకు బ్లాక్ ఇచ్చారా?" అని మొట్టమొదట అడిగింది. వాళ్ల ఆసుపత్రిలో ఇలాంటి రోగి రాగానే క్యాజువాలిటీలోనే ఆ సూది వేస్తారట. ఆ మాట వినడం నాకదే మొదలు. డ్యూటీ డాక్టరును అడిగితే, "అది మత్తు డాక్టరు గారు రేపు థియేటరు దగ్గర ఇస్తారమ్మా" అని మర్యాదగానే చెప్పారు.

మరునాడు పదిన్నరకు, అంటే ఆసుపత్రికి చేరిన 26 గంటలకు, థియేటరు బయటి హాల్లో ఆ బ్లాక్ ఇచ్చారు. మత్తు డాక్టరు గారు స్టూలు లాక్కుని అమ్మ పక్కనే కూర్చున్నారు. సున్నా నుంచి పదిదాకా నొప్పికి అంకె చెప్పమంటే అమ్మకు అర్థం కాలేదు. "రూపాయిలో ఎన్నణాల నొప్పి ఉంది మామ్మగారూ?" అన్నారాయన. "పదహారణాలూ ఉంది నాయనా" అంది అమ్మ. ఏ కాలో అమ్మ చేతనే చెప్పించి, ఎక్స్‌రేతో సరిచూసుకుని, ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ చూసే యంత్రం తగిలించిన తర్వాతే సూది అందుకున్నారు. అల్ట్రాసౌండ్ తెర మీద తొడ రక్తనాళం కొట్టుకోవడం చూస్తూ, దానికి దూరంగా కండరం మీది పొర కిందికి 30 మిల్లీలీటర్ల రోపివకైన్ అనే మత్తుమందు కొంచెం కొంచెంగా ఎక్కించారు. అంతా కలిపి పది నిమిషాలు. అరగంట తర్వాత పక్కకు ఒత్తిగిలించి కింది దుప్పటి మార్చారు. అమ్మ మూలగలేదు, పైగా దుప్పటి సర్దుతున్న నర్సు పేరేమిటని అడిగింది. డాక్టరు గారు మళ్లీ అడిగితే "మూడణాలు ఉందేమో" అంది. వెన్నుకు మత్తు ఇవ్వడానికి కూర్చోబెట్టినప్పుడు కూడా ఇబ్బంది పడలేదని తర్వాత ఆయనే చెప్పారు. సాధారణంగా ఆ కూర్చోబెట్టడమే పెద్ద నరకమట.

నరం చచ్చుబడిపోతుందేమోనని మా అన్నయ్య భయపడ్డాడు. ఇది పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే మందు జాతిదేననీ, కొన్ని గంటల్లో దిగిపోతుందనీ, నరానికి శాశ్వతంగా హాని జరగడం చాలా అరుదనీ డాక్టరు గారు వివరించారు. తుంటి కీలు ముందు భాగపు నొప్పిని ప్రధానంగా తొడ నరం, ఆబ్చురేటర్ నరం శాఖలు మోస్తాయి. ఇలియాకస్ అనే కండరం మీదున్న పొర కింద మందు పోస్తే అది పరుచుకుని తొడ నరాన్నీ, తొడ బయటి వైపు చర్మానికి వెళ్లే నరాన్నీ తడుపుతుంది. 1989లో ఫ్రాన్సు వైద్యులు పిల్లల కోసం వర్ణించిన ఈ ఫేషియా ఇలియాకా బ్లాక్ ఇవాళ వృద్ధులకే ఎక్కువగా అక్కరకొస్తోంది. 2018లో టొరంటో వైద్యులు వెలువరించిన పెంగ్ అనే మరో రకం బ్లాక్‌లో కీలుకు వెళ్లే సన్నని శాఖల దగ్గరే మందు ఉంచుతారు కాబట్టి, తొడ కండరాల బలం చాలావరకు నిలుస్తుంది. కీలు వెనుక భాగపు నొప్పి ఈ రెండింటిలో దేనితోనూ పూర్తిగా పోదు, అమ్మ చెప్పిన ఆ మూడణాలు అక్కడివే కావచ్చు.

ఇంటికి వచ్చాక ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. 2020లో కాక్రేన్ సంస్థ 49 అధ్యయనాలను, 3,000 మందికి పైగా రోగుల వివరాలను కలిపి పరిశీలించింది. బ్లాక్ ఇచ్చిన అరగంటలో కదిలినప్పటి నొప్పి తగ్గుతుందనీ, మతి తడబాటు ముప్పు తగ్గుతుందనీ, ఛాతీ ఇన్ఫెక్షన్లు కూడా తగ్గే అవకాశం ఉందనీ తేల్చింది. అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో తుంటి విరిగినవారికి ఆపరేషన్‌కు ముందే బ్లాక్ ఇవ్వాలని గట్టిగా చెప్పింది. ఇది చదువుతున్నప్పుడు అమ్మ సెలైన్ సూది పీకబోయిన రాత్రి కళ్ల ముందు మెదిలింది. బ్లాక్ ముందే ఇచ్చి ఉంటే ఆ తడబాటు వచ్చేదే కాదని నేననలేను, ఎందుకంటే వయసు, కొత్త చోటు, నిద్రలేమి కూడా అందుకు కారణాలే. అయితే ఎక్స్‌రేకు ముందు కాకపోయినా, ఎక్స్‌రే చూసిన వెంటనే అదే సూది వేసి ఉంటే, బెడ్‌పాన్ దగ్గర పడిన యాతన తప్పేది.

మత్తు డాక్టర్లు పొద్దంతా థియేటర్లలో ఉంటారు కాబట్టి క్యాజువాలిటీకి రాలేరని ఆసుపత్రి వారు చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ అల్ట్రాసౌండ్ యంత్రం క్యాజువాలిటీలోనే ఉంది. అది లేకపోయినా, ఎముక గుర్తులు పట్టి, మొండి సూది రెండు పొరలు దాటడం చేతికి తెలిసేలా ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఎమర్జెన్సీ డాక్టర్లకు శిక్షణ ఇస్తే తీరిపోయే కొరత ఇది. క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారికి ఆపరేషన్ ఒకటి రెండు రోజులు వాయిదా పడవచ్చు. వారి విషయంలో థియేటరు దాకా ఆగమనడం మరీ అన్యాయం.

రెండో లోపం సమాచారానిది. ఒక్క సూది ప్రభావం సుమారు 8 నుంచి 16 గంటలు ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. అర్ధరాత్రి దాటాక నొప్పి ఒక్కసారిగా తిరగబెట్టింది. నర్సు డ్యూటీ డాక్టరును పిలిచి మందు రాయించేసరికి గంట గడిచింది. మత్తు దిగకముందే వేళ తప్పకుండా పారాసిటమాల్ ఇస్తూ ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. అలాగే తొడ తిమ్మిరిగా ఉన్నంతసేపు కాలు మనిషిని నిలపలేదనే హెచ్చరిక మరునాడు ఫిజియోథెరపిస్టు వచ్చాక గాని మా చెవిన పడలేదు. ఆమె అమ్మ చేత మోకాలు చాపించి, బలం చూసుకున్నాకే వాకరు పట్టించి నిలబెట్టారు.

భద్రత విషయంలో మాత్రం ఈ మత్తు విభాగాన్ని మనసారా మెచ్చుకుంటాను. మందు పొరపాటున రక్తంలోకి వెళితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే 46 కిలోల అమ్మ బరువుకు మోతాదు లెక్కగట్టారు, ప్రతి ఐదు మిల్లీలీటర్లకూ ఆగి సూది వెనక్కి లాగి చూశారు, విరుగుడుగా వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు కలిపిన ద్రవం) సీసాను ట్రాలీ మీదే ఉంచుకున్నారు.

బిల్లులో బ్లాక్‌కు 4,500 రూపాయలు వేశారు. ఆ అరగంట ఫలితానికి అది ఎక్కువనిపించలేదు. సూది పనితనానికి ఐదుకు ఐదు, ఇచ్చిన వేళకు ఐదుకు ఒకటి, తర్వాతి సమాచారానికి రెండు వేస్తున్నాను. డిశ్చార్జి రోజున అభిప్రాయ పత్రంలో ఈ అంకెలే రాసి, క్యాజువాలిటీ గోడ మీద "తుంటి విరిగిన రోగికి బ్లాక్ ఇచ్చారా? ఎన్ని గంటలకు?" అన్న రెండు ప్రశ్నల బోర్డు పెట్టమని కోరాను. అమ్మ ఇప్పుడు వాకరుతో వంటింటి దాకా నడుస్తోంది. ఆపరేషన్ సంగతులేవీ ఆవిడకు గుర్తులేవు, ఎక్స్‌రే బల్ల ఒక్కటే గుర్తుంది.