డిగ్రీ మొదటి ఏడాది లెక్కలు: బ్రిడ్జి కోర్సా, నేరుగా కాలిక్యులసా, స్టాటిస్టిక్సా? ఏది మేలు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కాలేజీలు తెరిచేదాకా నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "మేష్టారూ, మావాడు లెక్కల్లో కొంచెం వీకు. ముందు పాత లెక్కలు సరిచేసే బ్రిడ్జి కోర్సు చేయించమంటారా, నేరుగా కాలిక్యులస్ క్లాసులో చేర్పించేయమంటారా? పోనీ స్టాటిస్టిక్స్ అయితే సులువంటున్నారు, అటు పంపమంటారా?" విశాఖ మద్దిలపాలెంలో మా మేడ మీద గదిలో ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టి 16 ఏళ్లయింది. ఇప్పటికీ దీనికి ఫోనులో జవాబు చెప్పలేను. "ఓసారి పిల్లాణ్ణి పంపండి" అంటాను.

వచ్చినవాడికి మూడు చిన్న పనులు ఇస్తాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 ని ఎక్స్ మైనస్ 3 తో భాగించాలి. ఒకటి బై (ఎక్స్ ప్లస్ హెచ్) లోంచి ఒకటి బై ఎక్స్ తీసేయాలి. ఈ పవర్ లాగ్ ఎక్స్ (e^log x) ఎంతో చెప్పాలి. మొదటి రెండూ పదో తరగతి సరుకే. ఇంటర్‌లో తొంభై శాతం దాటినవాళ్లు కూడా మూడోదాని దగ్గర పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. వాళ్లని నేనేమీ అనను, ఎందుకంటే నేనూ అక్కడే బోల్తా పడ్డాను. డిగ్రీ మొదటి ఏడాది అవకల సమీకరణాల క్లాసులో లెక్చరర్ గారు ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ కడుతూ, ఈ పవర్ లాగ్ ఎక్స్ దాకా రాసి, పక్కన టక్కున ఎక్స్ అని వేసి తర్వాతి లైనుకి వెళ్లిపోయారు. ఆ ఎక్స్ ఎక్కడినుంచి ఊడిపడిందో నాకు తెలియలేదు. అడగడానికి సిగ్గేసింది. ఆ ఏడాది ఆ పేపరు పోయింది. సమాకలనం అంతా వచ్చు, లాగ్ అంటే ఏమిటో రాదు.

అందుకే నేరుగా దూకడం తప్పా ఒప్పా అన్నది కాలిక్యులస్‌ని బట్టి తేలదు, దాని కింద ఉన్న బీజగణితాన్ని బట్టి తేలుతుంది.

ఎంపీసీ చదివి ఇంజినీరింగ్‌లో చేరేవాళ్లకి నిజానికి వేరే దారేమీ లేదు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 మార్కులకి 80 లెక్కలవే కనక, లోపలికి వచ్చాడంటే లెక్కలు వచ్చనే కాలేజీ లెక్క. ఆప్షన్లు ఒక్కొక్కటే పెట్టి చూసి జవాబు పట్టేసే అలవాటున్న పిల్లాడు పూర్తి లెక్క రాయమంటే తడబడతాడన్నది కాలేజీకి తెలియక కాదు, దాని గురించి ఆగే తీరిక ఉండదు. అయినా ఈ దారి అనుకున్నంత ప్రమాదమేమీ కాదు. జేఎన్‌టీయూ ఆర్-23 సిలబస్‌లో మొదటి సెమిస్టర్ పేపరు లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్. అందులో మొదటి రెండు యూనిట్లూ మాత్రికలే. మాత్రిక ర్యాంకు కట్టడానికీ, సమీకరణాలు సాధించడానికీ అవకలనం అక్కర్లేదు. భిన్నాలు, గుర్తులు తప్పకుండా వేయగలిగితే చాలు. ఐగెన్ వాల్యూస్ (మాత్రికకి కట్టే ప్రత్యేక విలువలు) దగ్గర మాత్రం మూడో ఘాత సమీకరణం ఎదురవుతుంది. ఒక మూలం ఊహించి, భాగించి, మిగతా రెండూ తీయాలి. అది ఇంటర్ రెండో ఏడాది లెక్కల పుస్తకం టూ-ఏ లోని పాఠమే. అంటే వీక్‌గా ఉన్న పిల్లాడికి కూడా కాలిక్యులస్ మొదలయ్యేలోపు చేతిలో కొన్ని వారాలుంటాయి. ఆ వారాల్లో రోజుకో గంట పాత గుంతలు పూడ్చుకుంటే నేరుగా వెళ్లినా ఫర్వాలేదు. ఫ్రెషర్స్ పార్టీల హడావిడిలో ఆ గంట ఎవరు కూర్చుంటారన్నది వేరే సంగతి.

చివరి యూనిట్లో డబుల్ ఇంటిగ్రల్స్ వస్తాయి. అక్కడ ఏటా ఒకే తమాషా చూస్తాను. ఇంటిగ్రేషన్ ఆర్డర్ మార్చి సాధించమంటే పిల్లలు ఇంటిగ్రేషన్ దాకా రాకముందే ఆగిపోతారు. కారణం, బొమ్మ గీయలేరు. పరావలయం ఎటు తెరుచుకుంటుందో, సరళరేఖ దాన్ని ఎక్కడ కోస్తుందో తెలియకపోతే లిమిట్లు ఎలా వేస్తారు? ఆ రెండూ ఇంటర్ వన్-బి, టూ-బి పుస్తకాల్లో మార్కుల కోసం కంఠస్థం చేసి వదిలేసిన చాప్టర్లు. పాత ఇంటర్ పుస్తకాలు తూకానికి వేయొద్దని చెప్పేది అందుకే.

ఇక బ్రిడ్జి కోర్సు. మంచి బ్రిడ్జి కోర్సు అన్నిటికన్నా మేలే, కానీ ఆ పేరు తగిలించుకున్నవన్నీ మంచివి కావు. బీఫార్మసీలో ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ప్రకారం బైపీసీ పిల్లలకి మొదటి సెమిస్టర్‌లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ (లోటు పూడ్చే లెక్కల పేపరు) ఉంటుంది. ఎంపీసీ వాళ్లకి దాని బదులు రెమిడియల్ బయాలజీ. ఆలోచన చక్కగానే ఉంది. ఆ లెక్కల పేపరుకి ఇచ్చిన వ్యవధి 30 గంటలు. ఆ 30 గంటల్లో పాక్షిక భిన్నాలు, సంవర్గమానాలతో మొదలుపెట్టి మాత్రికలు, అవకలనం, సమాకలనం, అవకల సమీకరణాల మీదుగా లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ దాకా వెళ్లాలి! రెండేళ్లు లెక్కల పుస్తకం ముట్టని పిల్లకి ఇది వంతెనలా ఉండదు, రోప్‌వే ఎక్కి కైలాసగిరి మీద దిగినట్టుంటుంది. నడిచిన దారేమీ ఉండదు.

వేసవిలో ప్రైవేటుగా చెప్పే బ్రిడ్జి కోర్సుల్లో నేను చూసేది మొదటి వారం ఏం చెబుతారన్నదే. మొదటి రోజే లిమిట్స్ మొదలుపెడితే అది కాలేజీ సిలబస్‌ని ముందుగా ఓసారి తిప్పడమే. ఘాతాంకాలు, కారణాంకాలు, భిన్నాలు, లాగులు, ప్రమేయాల గ్రాఫులు, కాస్త త్రికోణమితి, వీటికే నాలుగైదు వారాలు పెట్టేవాళ్లుంటే డబ్బు కట్టొచ్చు. అలాంటి కోర్సుకి గ్లామర్ ఉండదు. "ఇంటర్ పాసైనవాడికి మళ్లీ భిన్నాలేంటండీ" అని తండ్రులే గొడవ పెట్టుకుంటారు.

అలాగని ఎంత ఎక్కువ ముందస్తు కోర్సు ఉంటే అంత మంచిదని కూడా కాదు. అమెరికాలో కాలిక్యులస్‌కి ముందు కాలేజ్ ఆల్జీబ్రా, ప్రీకాలిక్యులస్ అని మెట్లుంటాయి. వాటికీ కింద డిగ్రీకి క్రెడిట్లు కలవని రెమిడియల్ కోర్సులు. ఊరికే లెక్క వేద్దాం. వందమంది చేరి, ఒక్కో మెట్టు డెబ్భై శాతం మందే దాటారనుకోండి. మూడు మెట్లెక్కేసరికి మిగిలేది 34 మంది. తెలివి తక్కువై కాదు, దారి పొడుగై రాలిపోతారు. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టం చేసి, కమ్యూనిటీ కాలేజీలు పిల్లల్ని ఇలా రెమిడియల్ వరసలో నిలబెట్టడాన్ని బాగా కట్టడి చేసింది. అసలు కోర్సులోనే కూర్చోబెట్టి, పక్కనే అదనపు క్లాసు నడిపే పద్ధతి అక్కడ పెరిగింది. ఎంపీసీ పిల్లల విషయంలో నా ఓటు దీనికే. చేరిపోండి, పక్కన గంట పెట్టుకోండి. బైపీసీ, సీఈసీ నుంచి బీసీఏకో డేటా సైన్స్‌కో వెళ్లేవాళ్ల విషయంలో మాత్రం కాదు. రెండేళ్ల ఖాళీని పక్కన పెట్టుకున్న గంట పూడ్చలేదు. వాళ్లు వేసవిలోనే మొదలుపెట్టాలి.

స్టాటిస్టిక్స్ సులువన్న మాట ఎవరు పుట్టించారో గానీ, దానికి బలైనవాళ్లు నా దగ్గరికే వస్తారు. బీకాంలో వచ్చే బిజినెస్ స్టాటిస్టిక్స్ నిజంగానే అందరికీ అందుతుంది. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం, కోరిలేషన్, సూచీ సంఖ్యలు. సిగ్మా గుర్తు చూసి బెదరకుండా, శాతాలు, వర్గమూలాలు వేయగలిగితే చాలు. త్రికోణమితి జోలికే పోదు. సీఈసీ పిల్లలకి నిస్సందేహంగా ఇదే మేలు. బీఎస్సీ స్టాటిస్టిక్స్ వేరే జంతువు. బైనామియల్ డిస్ట్రిబ్యూషన్‌కి సంయోగాలు కావాలి, పాయిజాన్‌కి ఈ పవర్ ఎక్స్ శ్రేణి కావాలి, నార్మల్‌కి వచ్చేసరికి సమాకలనం లేకుండా ఒక్క అడుగు పడదు. కాలిక్యులస్ నుంచి తప్పించుకుని అక్కడికి పోతే రెండో సెమిస్టర్ సందులో మళ్లీ అదే ఎదురొస్తుంది. పేరున్న స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు కూడా మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో పీజీ పూర్తిచేశాకే కలకత్తా వెళ్లి, 1943లో స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. చేశారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్న ఆయన దారిలో ముందు ఉన్నది లెక్కలే. లెక్కలు ఇష్టమై, డేటా మీద ఆసక్తి ఉన్న ఎంపీసీ పిల్లకైతే నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్‌నే చెబుతాను. భయపడి పారిపోయే పిల్లకి చెప్పను.

డిప్లొమా పిల్లల సంగతి ఎవరూ అడగరు గానీ చెప్పేస్తాను. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చదివి, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్లేవాళ్లకి ఈ మూడు దారుల్లో ఏదీ ఎదురుకాదు. మొదటి ఏడాది లెక్కల పేపర్లు దాటిపోయినట్టే ఉంటుంది. రెండో ఏడాది లెక్చరర్ మాత్రం ఐగెన్ వాల్యూస్, పార్షియల్ డెరివేటివ్స్ వచ్చనే పాఠం మొదలుపెడతారు. సీటు రాగానే అదే కాలేజీలో సీనియర్‌ని పట్టుకుని మొదటి సెమిస్టర్ నోట్సు తెచ్చుకోండి. రెండో యూనిట్, నాలుగో యూనిట్, క్లాసులు మొదలయ్యేలోపు ఆ రెండూ అయిపోవాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.