కాఫీ మానేశాక రెండున్నరేళ్లు: చికోరీ, ధనియాలు, శొంఠి, సుగంధిపాల

నేను స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాను. సి షిఫ్టు పడితే రాత్రి నాలుగు కాఫీలు, తెల్లారి ఇంటికొచ్చాక ఒకటి, సాయంత్రం లేచాక ఇంకో రెండు. యాభై దాటాక గుండె దడ మొదలైంది. పడుకుంటే నిద్ర పట్టదు, పట్టినా గంటకే మెలకువ. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, "గుండెలో లోపం ఏమీ లేదండీ, కెఫీన్ మానేసి చూడండి" అన్నారు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుందని అప్పుడే తెలిసింది.

మొదట ఒక్కసారిగా మానేశాను. అది నేను చేసిన తప్పు. మర్నాటి మధ్యాహ్నానికి తల పగిలిపోయేంత నొప్పి, చిరాకు, పని మీద ధ్యాస లేదు. ఆపేసిన 12 నుంచి 24 గంటల్లో ఈ తలనొప్పి మొదలవుతుంది, కొందరికి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. నేను మూడో రోజే మళ్లీ కాఫీ తాగేశాను.

రెండోసారి దారి మార్చాను. మా విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు నేను ఎప్పుడూ పొడి ఆడించుకునే కొట్టు ఉంది. "ఎనభై-ఇరవైయేనా?" అని అడిగాడాయన, అంటే ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ (కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి). కాఫీ వేరుగా, చికోరీ వేరుగా కట్టమన్నాను. ఉత్త చికోరీ పావుకిలో అడిగినవాళ్లు లేరేమో, రెండుసార్లు అడిగి మరీ కట్టాడు. కాఫీ ధరలో సగం కూడా లేదు. ఇంట్లో నేనే కలుపుకున్నాను. మొదటి వారం సగం సగం, తర్వాత నలభై-అరవై, తర్వాత ఇరవై-ఎనభై, ఐదో వారానికి ఉత్త చికోరీ. తలనొప్పి మళ్లీ రాలేదు. కాఫీ మానాలనుకునే వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మన ఊళ్లో పొడి ఆడించే కొట్లు ఉన్నాయి కాబట్టి ఇది చాలా సులువు.

నిజానికి చికోరీ మనకు కొత్తేమీ కాదు. కాఫీ-చికోరీ మిశ్రమం అని అమ్మే పాకెట్లలో 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు, ఎంతుందో పాకెట్టు మీద రాసి ఉంటుంది. అంటే చాలామందికి ఆ రుచి నాలుక మీద ఉన్నదే. అది ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో ఎక్కువగా పండిస్తారు. వేరును ఎండబెట్టి వేయిస్తే ఆ నలుపు, చేదు వస్తాయి. కెఫీన్ అసలు ఉండదు.

ఉత్త చికోరీని ఫిల్టరులో వేయకండి. పొడి మెత్తబడి ముద్దయి చిల్లులు మూసుకుపోతాయి, గంటైనా డికాక్షన్ దిగదు. గ్లాసుడు నీళ్లు మరిగించి, తలకొట్టిన టీస్పూను పొడి వేసి, రెండు నిమిషాలు ఉంచి దించేయాలి. ఐదు నిమిషాలు తేరుకున్నాక పలచని గుడ్డలో వడకడితే చిక్కటి నల్లటి డికాక్షన్ వస్తుంది. కాఫీకి వేసినంత పొడి వేస్తే చేదు విరగబడుతుంది. వేడి పాలు కలిపి స్టీలు గ్లాసులో పోస్తే రంగు, చిక్కదనం, చేదు మూడూ కుదురుతాయి. కాఫీ వాసన మాత్రం రాదు, ముదురు పాకం వాసన వస్తుంది. నాకు అది అలవాటవడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ వాసన కోసమే పొద్దున్నే లేస్తున్నాను.

ఒక జాగ్రత్త. చికోరీలో ఇనులిన్ అనే పీచు ఉంటుంది. రోజుకు నాలుగు గ్లాసులు తాగిన రోజుల్లో నాకు కడుపుబ్బరం, గ్యాస్ వచ్చాయి. రెండుకు తగ్గించాక పోయాయి. ఇది చామంతి కుటుంబపు మొక్క, ఆ పూలు పడనివాళ్లు డాక్టర్ని అడిగి తాగడం మంచిది.

మిగతావి కాఫీ బదులు అని చెప్పలేను, వాటి వేళకి అవి బాగుంటాయి. ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి, శొంఠి, నాలుగు మిరియాలు వేసి పొడి కొట్టుకుంటాం. మా అమ్మ దీన్ని ధనియాల కాఫీ అనేది, జలుబు చేసిన రోజు ఇచ్చేది. వానాకాలం సాయంత్రం దీనికి సాటి లేదు. బెల్లం వేసి పాలు మరిగిస్తే విరిగిపోతాయి కాబట్టి దించాక కలపాలి. ఉదయం తొలి గ్లాసుగా మాత్రం నాకు తృప్తి ఇవ్వలేదు, ఎంతైనా అది కషాయమే. ఎండాకాలంలో, ఇక్కడి ఉక్కపోతకి, సుగంధిపాల వేర్లు వేడి నీళ్లలో నానబెట్టి చల్లార్చి తాగుతాను. మరిగిస్తే వాసన పోతుంది. తులసి, నిమ్మగడ్డి కూడా చాలాసార్లు తాగాను, బాగున్నాయి కానీ నాలుక చేదునే అడుగుతుంది.

అతిమధురం కలిసిన పొడి మానేశాను. తియ్యగా ఉందని నెలన్నర తాగాను. నాకు బీపీ మాత్ర ఉంది. ఆ నెల బీపీ ఎక్కువ వచ్చేసరికి డాక్టరు గారు వెంటనే ఆపమన్నారు. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుందట. బీపీ ఉన్నవాళ్లు పొడి కొనేముందు ఆ పేరు ఉందేమో చూసుకోండి.

పేరు చూసి మోసపోవద్దు కూడా. హెర్బల్ కాఫీ అని ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక డబ్బాలో సన్నటి అక్షరాలతో పచ్చి కాఫీ గింజల సారం అని రాసి ఉంది. నాలుగు రోజులు మళ్లీ దడ వచ్చాక గాని వెనక వైపు చదవలేదు. కెఫీన్ తీసేశామని అమ్మే డీకాఫ్‌లో కూడా కొంచెం కెఫీన్ మిగిలే ఉంటుంది, గ్రీన్ టీలోనూ ఉంటుంది.

కాఫీ బదులు ఇప్పుడు నేను తాగే వీటిలో ఏదీ నిద్ర ఆపదు. సి షిఫ్టుకు వెళ్లేముందు గంట పడుకోవడం నేర్చుకున్నాను, అదొక్కటే పనిచేసింది. గుండె దడ రెండో నెలలోనే తగ్గింది. షిఫ్టు దిగి వచ్చాక ఇప్పుడు ఐదు గంటలు ఏకబిగిన నిద్రపోతున్నాను.

కాఫీ మీద నాకు కోపం లేదు. మన కొండల మీద, అరకు, పాడేరు, చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ నీడలో గిరిజన రైతులు పండించే గింజ అది. 2019లో అరకు అరాబికాకు భౌగోళిక గుర్తింపు వస్తే ఇంటిల్లిపాదీ సంతోషించాం. మా ఆవిడ తాగుతుంది, చుట్టాలొస్తే ఆ కాఫీయే పెడతాం. ఆ డికాక్షన్ దిగుతున్నప్పుడు మాత్రం నేను కాసేపు వంటింట్లోనే నిలబడతాను.

ఇంకా తీరని ఇబ్బంది ప్రయాణం. హోటల్లో, రైల్లో ఎక్కడా ఇది దొరకదు. చికోరీ డికాక్షన్ చిక్కగా కాచి చిన్న ఫ్లాస్కులో పోసుకుని వెళ్తాను, టీ కొట్టులో అరగ్లాసు వేడి పాలు అడిగి కలుపుకుంటాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.