గ్రీజ్ 2 మేలా, స్టేయింగ్ అలైవ్ మేలా?

అనంతపురంలో ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి తొమ్మిది దాటితే గానీ మిద్దె చల్లబడదు. సాయంత్రమే నీళ్ళు చల్లి ఉంచుతాం. తొమ్మిదిన్నరకు చాపలు పరిచి, మెట్లగది తెల్లగోడ మీదకు ప్రొజెక్టర్ తిప్పుతాం. మా అక్క, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆమె కూతురు, నేను, ప్రేక్షకులం ముగ్గురమే. మధ్యలో ఉగ్గాని గిన్నె, పక్కన మిరపకాయ బజ్జీలు. ఆ మిద్దె మీద మేము కోరి చూసేవి గొప్ప సినిమాలు కావు. పేరు మోసిన పాటల సినిమాకు నాలుగైదేళ్ళ తరువాత, పాత పేరే జనాన్ని రప్పిస్తుందన్న నమ్మకంతో తీసి, తడబడిన రెండో భాగాలు. ఏమి చూస్తున్నారని పక్కింటివాళ్ళు అడిగితే మొదట్లో పేరు చెప్పడానికి జంకేవాళ్ళం. ఇప్పుడు జంకడం లేదు.

పోయిన శనివారం మేనకోడలు అడిగింది: "మామా, పొద్దున్నే నాకు బస్సు ఉంది. ఒక్కటే చూడగలం. గ్రీజ్ 2 పెడతావా, స్టేయింగ్ అలైవ్ పెడతావా?"

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడానికి మంచి కారణమే ఉంది. రెండూ ఒకే గూటి పక్షులు. రాబర్ట్ స్టిగ్‌వుడ్ అనే నిర్మాత 1977 చివర్లో శాటర్డే నైట్ ఫీవర్, 1978లో గ్రీజ్ విడుదల చేశాడు. రెంటిలోనూ నాయకుడు జాన్ ట్రవోల్టాయే. రెండూ ప్రపంచమంతా ఆడాయి. ఒక్క గ్రీజ్ అమెరికాలోనే దాదాపు 16 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ తరువాత అదే నిర్మాత 1982లో గ్రీజ్‌కు రెండో భాగంగా గ్రీజ్ 2, 1983లో శాటర్డే నైట్ ఫీవర్‌కు రెండో భాగంగా స్టేయింగ్ అలైవ్ తెచ్చాడు. గ్రీజ్ 2లో ట్రవోల్టా లేడు, అతని సరసన పాడిన ఒలీవియా న్యూటన్ జాన్ కూడా లేదు. స్టేయింగ్ అలైవ్‌లో ట్రవోల్టా ఉన్నాడు, ప్రతి దృశ్యంలోనూ అతనే అన్నంతగా ఉన్నాడు. నాయకుడు లేక దెబ్బతిన్న సినిమా ఒకటి, నాయకుడు తప్ప మరేమీ పట్టక దెబ్బతిన్న సినిమా ఇంకొకటి.

తూకానికి ముందు ఒక మాట. బాగా లేని సినిమాను ఇష్టంగా చూడడం తప్పేమీ కాదని నేను నమ్ముతాను. ఈ నమ్మకం నాకు మా తాత నుంచి వచ్చింది. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ పద్యనాటకం పడినా ఎద్దులబండి కట్టించుకుని వెళ్ళేవారు. తెర వంకరగా దిగినా, కిరీటం జారినా, భటుడి కాళ్ళకు రబ్బరు చెప్పులు కనిపించినా ఆయనకు పట్టేది కాదు. హార్మోనియం శ్రుతి అందుకుని నటుడు రాగం తీస్తే చాలు, "వన్స్ మోర్" అని మొదటి అరుపు ఆయనదే. చచ్చి పడిపోయిన పాత్ర లేచి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయిన రాత్రుల గురించి ఆయన ఎంతో గౌరవంగా చెప్పేవారు. కథ చెడినా పద్యం చెడదు, పద్యం కోసం వచ్చినవాడు నిండుగానే ఇంటికి వెళ్తాడు. పాటల సినిమాను కూడా నేను ఆ కళ్ళతోనే చూస్తాను.

ఇక గ్రీజ్ 2. దీనికి దర్శకురాలు పట్రీషియా బర్చ్. తొలి గ్రీజ్‌కు నృత్యాలు కూర్చినది ఆమే, అంతకుముందు 1972లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో గ్రీజ్ నాటకంగా ఆడినప్పుడు అడుగులు నేర్పినదీ ఆమే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సినిమా అంతా అర్థమవుతుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే దృశ్యాలు చప్పగా ఉంటాయి, కెమెరాకు ఎక్కడ నిలబడాలో తెలియనట్టు ఉంటుంది. ముప్పై మంది ఒక్కసారి కదిలితే మాత్రం తెర ఊపిరి పీల్చుకుంటుంది. మొదట్లోనే ఫోర్ టాప్స్ బృందం పాడే పాటతో 1961 నాటి రైడెల్ హైస్కూల్ తెరుచుకుంటుంది: బస్సులు, మోటార్‌సైకిళ్ళు, వరండాలు, పిల్లలు, ఉపాధ్యాయులు, అందరూ లయలో ఉంటారు. ఆ తరువాత బౌలింగ్ ఆడే హాలులో ఒక పాట వస్తుంది. బంతులు దొర్లుతుంటాయి, ఆడేవాళ్ళు ఆ బరువుతోనే తిరుగుతుంటారు, ఎవరి వంతు ఎప్పుడో లెక్క తప్పదు. మా అక్క చిన్నప్పుడు ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. ఆ పాట అయ్యాక ఆమె బజ్జీ పక్కన పెట్టి, "వెనక వరుసలో వాళ్ళను చూడు, ఒక్కరు కూడా ఊరికే నిలబడలేదు" అన్నది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం. నిజమే, ఒక్కరు కూడా లేరు.

కథలో లోపాలు లేవని నేను అనను. తొలి సినిమా నాయిక శాండీకి దాయాది అయిన ఒక ఇంగ్లండు కుర్రాడు వస్తాడు. అతను మెచ్చిన స్టెఫనీకి మోటార్‌సైకిల్ మీద వచ్చే వీరుడే కావాలి. అందుకని తోటివాళ్ళకు వ్యాసాలు రాసిపెట్టి, ఆ డబ్బుతో బండి సమకూర్చుకుని, కళ్ళద్దాలు తగిలించుకుని వస్తాడు. అంతే, ఆమె గుర్తుపట్టదు. అమెరికాలో దీన్ని పెద్ద తప్పుగా చెప్పుకున్నారు. బుగ్గన పుట్టుమచ్చ పెట్టుకుంటే కన్నతల్లి కూడా పోల్చుకోలేని సినిమాలు చూసి పెరిగిన మనకు అది అభ్యంతరం కానే కాదు. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. తొలి సినిమా నుంచి వచ్చిన ఫ్రెంచీ అనే అమ్మాయి, మనం ఎంతో చనువుగా పలకరించిన మనిషి, సగంలో ఏ కారణమూ లేకుండా కనిపించకుండా పోతుంది. ఆమె ఎక్కడికి వెళ్ళిందని ఎవరూ అడగరు. నాకు ప్రతిసారీ అక్కడ మనసు కలుక్కుమంటుంది.

జీవశాస్త్రం తరగతిలో వచ్చే పాట పెద్దవాళ్ళ మధ్య కూర్చుని చూసేది కాదని కూడా చెప్పాలి. మేము దాన్ని దాటవేస్తాం.

అయితే స్టెఫనీ వేసినది మిషెల్ ఫైఫర్. ప్రధాన పాత్రలో ఆమెకు ఇదే మొదటి పెద్ద సినిమా. తనకు ఎలాంటివాడు కావాలో చెబుతూ నిచ్చెన పట్టుకుని పాడే పాటలో ఆమె గొంతు గాయని గొంతు కాదు, శ్రుతి అంచు మీద నడుస్తుంది. కానీ అందులో ఎక్కడా వెనకడుగు లేదు. సినిమా నిలబడదని తెలిసినా తాను నిలబడిన మనిషిలా కనిపిస్తుంది. ఈ సినిమా విడుదలైన రోజు 1982 జూన్ 11. అదే రోజు స్పీల్‌బర్గ్ తీసిన ఈ.టీ. కూడా విడుదలైంది, జనమంతా అటే వెళ్ళారు. 1.1 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తీస్తే అమెరికాలో వచ్చింది సుమారు 1.5 కోట్లు. థియేటర్ల వాటా పోతే నిర్మాతకు అది నష్టమే.

స్టేయింగ్ అలైవ్ లెక్క దీనికి తలకిందులు. విమర్శకులు దీన్ని ఇంకా గట్టిగా తిట్టారు, సమీక్షలను కలిపి లెక్కవేసే రాటెన్ టొమాటోస్‌లో దీని మార్కు సున్నా. వసూళ్ళు మాత్రం అమెరికాలోనే 6 కోట్ల డాలర్లు దాటాయి. దర్శకుడు సిల్వెస్టర్ స్టాలోన్, బాక్సింగు సినిమాలతో పేరు తెచ్చుకున్నవాడు. డాన్సును కూడా బాక్సింగులాగే తీశాడు. ట్రవోల్టా చేత నెలల తరబడి కసరత్తు చేయించి ఒళ్ళు చెక్కించాడు. ఆ ఒళ్ళు మీదే కెమెరా. పాదాలు కనిపించాల్సిన చోట భుజాలు కనిపిస్తాయి, అడుగు పూర్తయ్యేలోపు దృశ్యం మారిపోతుంది. నాకు నచ్చనిది ఇదే. శాటర్డే నైట్ ఫీవర్‌లో రంగుల దుకాణంలో పనిచేసే బ్రూక్లిన్ కుర్రాడికి శనివారం రాత్రి ఒక్కటే సొంతం. స్నేహితుడు వంతెన మీద నుంచి పడి చనిపోయే చీకటి ఉంది ఆ సినిమాలో. రెండో భాగంలో ఆ చీకటి జాడ కూడా లేదు. ఆ కుర్రాడికి బ్రాడ్వే ప్రదర్శనలో వేషం దొరుకుతుందా, దొరకదా అన్నది తప్ప ఇంకో ప్రశ్న లేదు.

చివర్లో సాటన్స్ ఆలీ అనే రంగస్థల ప్రదర్శన వస్తుంది. నరకం, పొగ, లేజర్ కిరణాలు, మంటలు, తలకు కట్టిన పట్టీ, నూనె పూసినట్టు మెరిసే కండలు. నేను ఈ భాగాన్ని మనస్ఫూర్తిగా ప్రేమిస్తాను. ఇంత ఖర్చు, ఇంత పట్టుదల, ఇంత చెమట ఒక పొరపాటు ఆలోచన మీద ధారపోయడం అరుదుగా చూస్తాం. పౌరాణిక నాటకంలో యమలోకం అంకం గుర్తొస్తుంది. అక్కడా ఇక్కడా ఎవరూ సగం మనసుతో చేయరు. పాటల సంగతికి వస్తే శాటర్డే నైట్ ఫీవర్‌కు పాడిన బీ జీస్ బృందం ఉంది గానీ వాళ్ళ తొలి ఊపు లేదు. చెవిలో మిగిలేది దర్శకుడి తమ్ముడు ఫ్రాంక్ స్టాలోన్ పాడినదే.

బ్లూస్ బ్రదర్స్ అనే పాటల సినిమాకు రెండో భాగమైన బ్లూస్ బ్రదర్స్ 2000 సంగతి కూడా మేనకోడలు ఎత్తింది. అరీతా ఫ్రాంక్లిన్, జేమ్స్ బ్రౌన్, బి.బి. కింగ్ లాంటి మహా గాయకులు ఉన్నదాన్ని ఈ తక్కెడలో పెట్టకూడదని నా అభిప్రాయం. పైగా తొలి సినిమా ఇద్దరు నాయకుల్లో ఒకడు, 1982లో చనిపోయిన జాన్ బెలూషీ లోటు సినిమా పొడవునా తెలుస్తూ దిగులు పుట్టిస్తుంది. అది వేరే రాత్రి చూడాలి.

నలుగురు కూర్చుని, మాట్లాడుకుంటూ, పాటలకు చేతులు కలుపుతూ చూడాలంటే గ్రీజ్ 2 మేలు. అందులో మనిషికి మనిషి తోడుంటాడు, ఎవరూ ఒకరి భుజాల మీద ఎక్కి నిలబడరు. సగంలో నిద్రొచ్చినా నష్టం లేదు, పాట మొదలైనప్పుడు లేస్తే చాలు. స్టేయింగ్ అలైవ్ అలా కాదు. ముందున్న గంట భరిస్తేనే చివరి నరకం రుచిస్తుంది. నా ఓటు గ్రీజ్ 2కే.

అక్క ఒప్పుకోలేదు. "నువ్వు పాటలు లెక్కపెడుతున్నావు. నేను వాణ్ణి చూస్తున్నాను" అన్నది. ఆమె చెప్పినది ట్రవోల్టా పాత్ర గురించి. పగలు డాన్సు నేర్పుతూ, రాత్రి బల్లల దగ్గర వడ్డిస్తూ, మధ్యలో వేషాల కోసం తిరిగి, ప్రతిచోటా కాదనిపించుకుని, మళ్ళీ ఉదయాన్నే సాధనకు వచ్చే మనిషి. "సినిమా బాగాలేదని నాకూ తెలుసు. కానీ ఎంత కాదన్నా గజ్జెలు విప్పని మనిషిని ఇంకెవరు చూపించారు?"

అక్క తన గజ్జెలు ఇంటర్మీడియట్ పరీక్షల ముందు విప్పింది. అవి ఇంకా మా అమ్మ బీరువాలోనే ఉన్నాయి.

ఆ రాత్రి గ్రీజ్ 2 పెట్టలేదు.