యుద్ధవేళ మాటల తూకం: ఐక్యరాజ్యసమితి వెబ్ టీవీపై సమీక్ష

యుద్ధం నడుస్తున్న రోజుల్లో దేశాల ప్రతినిధులు ఏ మాట పలికారో, ఏ మాటను పలకకుండా దాటవేశారో స్వయంగా వినదలచినవారికి ఐక్యరాజ్యసమితి వెబ్ టీవీని మించిన సేవ నాకు కనిపించలేదు. ఇది ఉచితం. భద్రతా మండలి బహిరంగ సమావేశాలను ప్రత్యక్షంగానూ, తరువాత తీరికగానూ చూడవచ్చు. అరబ్బీ, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్ భాషల అనువాదంలోనో, వక్త సొంత గొంతులోనో వినవచ్చు. తెలుగు లేదు, హిందీ కూడా లేదు.

దీని విలువ తెలియాలంటే 2022 ఫిబ్రవరి 23 రాత్రి న్యూయార్క్‌లో జరిగిన సమావేశం ఒక్కటి చూస్తే చాలు. ప్రధాన కార్యదర్శి గుటెరస్ మొదట్లోనే పుతిన్‌ను పేరుపెట్టి పిలిచి, ఉక్రెయిన్ మీదికి సేనలను పంపవద్దని కోరారు. సభ ముగియకముందే మాస్కో నుంచి ‘ప్రత్యేక సైనిక చర్య’ ప్రకటన వెలువడింది. ఆ నెల మండలి అధ్యక్షత రష్యాదే కావడంతో ఆ దేశ రాయబారి నెబెంజియా ఒకే కుర్చీలో కూర్చుని సభనూ నడిపారు, తన దేశాన్నీ సమర్థించుకున్నారు. చివర్లో ఉక్రెయిన్ ప్రతినిధి కిస్లిత్స్యా, యుద్ధ నేరస్థులకు ఉత్తరించు స్థలం (క్రైస్తవ విశ్వాసంలో స్వర్గానికి ముందు పాపాలు కడుక్కునే చోటు) ఉండదనీ, వారు నేరుగా నరకానికే పోతారనీ అని, ఆ వాక్యాన్ని ‘అంబాసిడర్’ అనే సంబోధనతో ముగించారు. శాపంలోనూ మర్యాద తప్పని ఆ ఒక్క మాటను వార్తల్లో చదవడం వేరు, ఆ గొంతులో వినడం వేరు.

రెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 25న, రష్యా దురాక్రమణపై ముసాయిదా తీర్మానం మీద మండలిలో ఓటింగు జరిగింది. అనుకూలం 11, వ్యతిరేకం 1, తటస్థం 3. ఆ ఒక్క వ్యతిరేక ఓటు రష్యా వీటో కావడంతో తీర్మానం వీగిపోయింది. తటస్థంగా ఉన్న భారత్ తరఫున తిరుమూర్తి చేసిన ప్రసంగాన్ని తెలుగు పాఠకులు ప్రత్యేకంగా వినాలి. అప్పటికి మన రాష్ట్రాల వైద్య విద్యార్థులు ఎందరో ఉక్రెయిన్‌లోనే చిక్కుకుని ఉన్నారు. విద్యార్థుల భద్రత గురించి అందులో ఉంది, రష్యా పేరు మాత్రం ఎక్కడా లేదు. దౌత్య మార్గం విడిచిపెట్టబడటం విచారకరమన్నారు. విడిచిపెట్టింది ఎవరు? ఇంగ్లీషు వాక్యం కర్త లేకుండానే హాయిగా నిలబడుతుంది. తెలుగులో రాయబోతే మాత్రం ‘ఎవరు’ అనే ప్రశ్న ఎదురవుతుంది. అనువాదం చేసేవారికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

వీడియోతో పాటు మండలి సమావేశానికి వెలువడే అక్షరశః నివేదికను కూడా దగ్గర పెట్టుకోవడం మేలు. దుబాసీల గొంతు సాధారణంగా సమంగానే సాగుతుంది కనుక కోపం వినాలంటే మూలధ్వనికి మారాలి. పదం సరిచూడాలంటే నివేదికకు రావాలి.

ఈ సేవకు ఉన్న అసలు పరిమితి వేరు. ఫిబ్రవరి 25 ముసాయిదాలో రష్యా దురాక్రమణను ‘ఖండిస్తూ’ అన్న మాట ఓటింగుకు ముందే ‘గర్హిస్తూ’గా మెత్తబడింది. మన వార్తల్లో ఈ రెండూ తరచు ‘ఖండించింది’ అనే ఒక్క మాటలో కలిసిపోతాయి గానీ, అక్కడ ఆ తేడా కోసమే బేరం నడుస్తుంది. ఆ బేరం సాగేది తలుపులు మూసిన సంప్రదింపుల్లో. అక్కడ కెమెరా ఉండదు.