పర్సనాలిటీ చూసి టీచర్‌ని ఇచ్చే ఆన్‌లైన్ ట్యూషన్: 6 నెలల తర్వాత నా రివ్యూ

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లెక్కల కోసం 6 నెలల క్రితం ఈ ఆన్‌లైన్ ట్యూషన్‌లో చేర్చాను. కంపెనీ పేరు రాయను, టీచర్ల మీద నాకు కంప్లైంట్ లేదు. గొడవంతా వాళ్లు గొప్పగా చెప్పుకునే 'పర్సనాలిటీ మ్యాచింగ్' తోనే.

చేరేటప్పుడు పిల్ల చేత 20 ప్రశ్నల క్విజ్ చేయించారు. సరదాగా ఉండే టీచర్ కావాలని నొక్కింది, అలాంటి సారే వచ్చారు. మనిషి బంగారం. క్లాసంతా నవ్వులే. లెక్కలంటే మొహం మాడ్చుకునే పిల్ల టైముకి ముందే లాప్‌టాప్ తెరిచి కూర్చునేది. మూడు నెలలయ్యాక చూస్తే మార్కులు ఎక్కడివక్కడే.

ఒకరోజు పక్కన కూర్చుని విన్నాను. సార్ ప్రశ్న అడుగుతారు, ఇది నోరు తెరిచేలోపే జవాబూ ఆయనే చెప్పేస్తారు. పాపం, ఈ అలవాటు ఆయన ఒక్కరిదే కాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు సైన్స్ క్లాసుల టేపులు విని 1974లో రాసిందీ ఇదే: ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున 1 సెకను. అది 3 సెకన్లు దాటితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, 'తెలీదు' అనడం తగ్గింది.

తర్వాత సార్ టైమింగ్స్ మారి ఒక మేడమ్ వచ్చారు. ముభావం మనిషి. మొదటి వారమంతా మా ఇంట్లో ఏడుపే. కానీ ఆవిడ ప్రశ్న అడిగి ఊరుకుంటారు. పక్కనున్న నాకే ఇబ్బంది పుట్టి, జవాబు అందిద్దామనిపించేంతసేపు. హోంవర్క్ ఫొటో పంపితే ఇంటూ కొట్టరు. మైనస్ గుర్తు ఏ లైన్లో జారిందో అక్కడ చిన్న సున్నా చుట్టి, మళ్లీ చేయమని తిప్పి పంపుతారు. 50కి 27 వచ్చేది, మొన్న 36 వచ్చింది.

అలాగని సార్‌ని తీసిపారేయలేను. డౌట్ అడగాలంటే ఉన్న భయం పోయింది ఆయన దగ్గరే. 2018లో వచ్చిన ఒక హైస్కూల్ అధ్యయనం చదివితే మా ఇల్లే గుర్తొచ్చింది. టీచర్ స్వభావానికీ, పిల్లలకు అందే ఆసరాకీ, 'నేను చేయగలను' అనే ధైర్యానికీ సంబంధం కనబడిందట, మార్కులతో మాత్రం లేదట. ఈ కంపెనీ ప్రకటన చూస్తే మ్యాచింగ్ కుదిరితే చాలు, మార్కులు వాటంతటవే వస్తాయన్నట్టు ఉంటుంది.

టీచర్లకు 5కి 4, క్విజ్‌కి 1. యాప్ పర్వాలేదు. డెమో క్లాసులో మాత్రం సెకన్లు లెక్కపెట్టుకోండి.

వచ్చే టర్మ్‌కి మళ్లీ క్విజ్ నింపమని నిన్న మెయిల్ వచ్చింది. మా అమ్మాయి మళ్లీ 'సరదాగా ఉండే టీచర్' మీదే నొక్కింది. నేనింకా సబ్మిట్ కొట్టలేదు.