పీజీ పిల్లలకు ముందు ఏది నేర్పాలి: ఎక్సెల్, ఆర్, పైథాన్?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎంబీఏ, ఎంకాం పిల్లలకు కూడా డేటా అనలిటిక్స్ చెబుతున్నాం. కోడింగ్ ముఖమే చూడని వాళ్లకు ఎక్సెల్ షీటుతో మొదలుపెట్టాలా, ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకదానితోనా అన్న దగ్గరే మా స్టాఫ్‌రూమ్‌లో వాదన తెగదు.

నేను తేల్చుకునేది మిర్చి యార్డు ధరల ఫైలుతో. తేదీ, రకం, వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు), క్వింటా ధర. తేజ రకానికీ 334 రకానికీ ధరలో తేడా ఎందుకో రైతుల పిల్లలే నాకు చెబుతారు. చిక్కంతా తేదీల్లో ఉంది.

05-03-2024 అంటే మనకు మార్చి 5. ల్యాబ్ కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే ఎక్సెల్‌కు అది మే 3. తెర మీద 5/3/2024 అనే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 13-03-2024కు వచ్చేసరికి పదమూడో నెల లేదు గనుక దాన్ని ఉత్త అక్షరాలుగా వదిలేసి, సెల్‌లో ఎడమవైపు నిలబెడుతుంది. ఎర్రర్ మాత్రం రాదు. తేదీవారీగా సార్ట్ చేస్తే మార్చి మొదటి పన్నెండు రోజుల ధరలు జనవరి 3, ఫిబ్రవరి 3 అంటూ ఏడాదంతా పరుచుకుంటాయి. జూన్ 3న యార్డుకు వేసవి సెలవులు కదా సార్ అని ఏ రైతుబిడ్డో అడిగితే తప్ప దొరకదు.

ఆర్‌లో తేదీలు చదివే మామూలు యాజ్.డేట్ ఫంక్షన్ వాడితే అదే 05-03-2024 క్రీస్తుశకం 5వ సంవత్సరం మార్చి 20 అవుతుంది! క్లాసంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వారు, తప్పు కంట పడింది. లూబ్రిడేట్ ప్యాకేజీలో డీఎంవై (రోజు, నెల, ఏడాది వరస) అంటే సర్దుకుంటుంది.

పైథాన్‌లో డేటా పట్టికలకు వాడే పాండాస్ లైబ్రరీ కూడా మొదట ఉన్నది నెలే అనుకుంటుంది. కానీ 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి, 13 తగలగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డేఫస్ట్ (ముందున్నది రోజు) అని చెబితేగానీ కదలదు. ఫైల్లో 12వ తేదీ దాకానే ఉంటే మాత్రం ఇదీ నోరు మెదపదు, అది పిల్లలకు ముందే చెప్పాలి.

అందుకే ఎంబీఏ, ఎంకాం వాళ్లకు నా ఓటు పైథాన్‌కే. సున్నా నుంచి లెక్కపెట్టడం మొదట్లో తికమక పెడుతుంది, అలవాటవుతుంది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ వాళ్లకూ, వ్యవసాయ పరిశోధన వైపు వెళ్లేవాళ్లకూ ఆర్ మేలు. ఆక్లాండ్ యూనివర్సిటీలో ఇద్దరు స్టాటిస్టిక్స్ మాస్టార్లు తయారుచేసిన భాష అది, రిగ్రెషన్ (ఒక అంశం మరోదాన్ని బట్టి ఎలా మారుతుందో కట్టే లెక్క) ఒక్క లైన్లో అయిపోతుంది. ఎక్సెల్‌ను పారేయమనను. పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా కూడి చూపే పట్టిక) దాకా ఓ వారం చాలు. ఎలాగూ 10,48,576 వరసలు దాటితే షీటు పట్టదు.

పైథాన్‌కు కోలాబ్ (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ సేవ) ఉంటే పాత మెషిన్లతోనూ నెట్టుకురావచ్చు, కాకపోతే నెట్ ఉండాలి. ప్రాక్టికల్ పరీక్ష రోజు నెట్ పోతే బ్యాచ్ మొత్తానికి టెన్షన్. నెట్ లేకున్నా పైథాన్ నడిచే జూపిటర్‌ను ల్యాబ్‌లో ముందే వేయించి పెట్టుకోండి.